కూసోమన్నడు, నీళ్లిచ్చిండు

పోలీసు శిక్షణ మీద సదస్సంటే అక్కడ పోలీసులే మాట్లాడతారనుకుంటారు ఎవరైనా. మాట్లాడరు. పోలీసులు వెనక వరసల్లో కూర్చుని ఫోన్లు చూసుకుంటారు. మాట్లాడేదంతా గుర్తింపు ఇచ్చేవాళ్లు, గుర్తింపు తెచ్చుకున్నవాళ్లు, అదెలా తెచ్చుకోవాలో చెప్పి బతికేవాళ్లు. ఏ శిక్షణ కేంద్రానికి ఏ ప్రమాణపత్రం ఉండాలి, దాన్ని ఎవరు తనిఖీ చేయాలి, ఆ తనిఖీ చేసినవాళ్లను మళ్లీ ఎవరు తనిఖీ చేయాలి. సూరత్‌లో ఓ పెద్ద హోటల్లో మొన్న జరిగిన సదస్సులో పొద్దున్నించీ ఇదే వరస. మెడలో కార్డు, చేతిలో రాయని పెన్ను, పైన ఎముకలు కొరికే ఏసీ. నాకు మోకాళ్లు పట్టేశాయి. అడాజన్‌లో ఇంటి నుంచి బయలుదేరి తాపీ నది వంతెన మీద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడే వెనక్కి పోదామనిపించింది. పాత ఉద్యోగం వాళ్లు మర్యాదగా పిలిచారు కదా అని వచ్చాను. ఆ మర్యాద తగలెయ్య.

మధ్యాహ్నం భోజనాలయ్యాక, జనం కునికిపాట్లు పడుతున్న వేళ, ఆదర్శ శిక్షణకు నమూనా అంటూ ఒక వీడియో వేశారు. దీపాలు తగ్గాయి. తెర మీద పోలీసు చౌకీ లాంటి గది, టేబులు, దాని వెనక కొత్త యూనిఫాం వేసుకున్న కానిస్టేబులు. తలుపు తోసుకుని ఒక ముసలాయన లోపలికొచ్చాడు. తెల్ల అంగీ, భుజాన గళ్ల తువ్వాలు, ఎడమ భుజం కాస్త కిందికి.

"అయ్యో" అని పైకే అనేశాను. పక్క కుర్చీలో ఆవిడ నా వైపు తిరిగి చూసింది. ఏం చెప్పను? ఆయన చచ్చిపోయి ఏడాది కావస్తోంది.

ఆయన పేరు రాయను. చౌకీ టేబులు ముందు ఎన్ని పేర్లు చెప్పుకున్నాడో, అందులో ఏది పెట్టుకున్నా ఒకటే. బృందానికో పేరు, బృందానికో ఊరు. నేను ఆల్థాన్‌లో ఒక ప్రైవేటు శిక్షణ కేంద్రంలో భాషలు చెప్పేదాన్ని. మావారికి హజీరాలో ఉద్యోగం, నాకు ఇంట్లో తోచకపోవడం, అలా మొదలైంది. కొత్తగా చేరిన కానిస్టేబుళ్లను బృందాలుగా మా దగ్గరికి పంపేవాళ్లు. మన భాష రాని మనిషి వచ్చి ఫిర్యాదు చెప్పుకుంటే ఎలా వినాలి, అదీ నా పాఠం. సూరత్‌లో ఎవరిని కదిపినా ఏదో ఒక దూరపు ఊరివాళ్లే కాబట్టి ఆ పాఠం లేకపోతే ఠాణా నడవదు. పాఠానికి ఒక ఫిర్యాదీ కావాలి. తెలుగు తప్ప మరేమీ రానట్టు నటించగల మనిషి.

పాండేసరలో టీకొట్టు దగ్గర దొరికాడాయన. కరీంనగర్ అవతల ఏదో పల్లె. వయసులో ఉన్నప్పుడే వచ్చి మరమగ్గాల మీద పనిచేసి, భుజం పడిపోయి మానేశాడు. మరమగ్గాలను వాళ్లు సాంచాలంటారు. సాంచాల మోతలో చెవులు మందగించి, ఎదుటివాళ్లకూ వినబడదేమోనన్నట్టు అరిచి మాట్లాడేవాడు.

"ఏం పని?" అన్నాడు.

"పోలీసుల ముందు కూర్చుని ఫిర్యాదు చెప్పాలండీ. ఉత్తుత్తి ఫిర్యాదు."

"నిజంది జెప్తెనే ఇనరు, ఉత్తది ఇంటరా?"

"వింటారు. వాళ్లకది పరీక్ష."

"అట్లయితే వస్త. ఇనే పోలీసోన్ని ఒక్కపారి సూడాలని ఎన్నటిసందో ఉన్నది" అని టీ సాసర్లో పోసుకుని గట్టిగా జుర్రాడు.

మొదటి రోజే నాతో తగువు. మా కేంద్రంవాళ్లు రాసిచ్చిన కథలో ఈయన సైకిలు పోయింది. "సైకిల్ పోతె ఠాణాకు ఎవడు పోతడు పంతులమ్మా? తిట్టుకుంట నడుసుకుంట పోతం. మేక పోయిందని జెప్త" అన్నాడు. నేను పంతులమ్మను కానని ఎంత చెప్పినా వినలేదు, చివరిదాకా అదే పిలుపు. సరే, మేకే పోయింది. ఎదురుగా ఉన్న కానిస్టేబులు పాపం బుద్ధిమంతుడు, అంతా రాసుకుని, "సూరత్‌లో మీకు మేక ఎక్కడిది కాకా?" అన్నాడు. నేను తెలుగులో అడిగాను. ఈయన నుదురు కొట్టుకుని, "పోయింది గద బిడ్డా, ఇంకెక్కడుంటది?" అన్నాడు. నేను తిప్పి చెప్పగానే గదంతా ఘొల్లుమంది.

నవ్వించేవాడే కానీ, మొండి. కూర్చోమనకపోతే నోరు విప్పేవాడు కాడు. గోడకు చేరగిలబడి నిలబడిపోయేవాడు. పేరేంటి, ఊరేంటి అని కానిస్టేబులు గద్దిస్తున్నా ఉలకడు, పలకడు. నా వైపు కూడా చూడడు. పదినిమిషాలు గడిచి అవతలివాడికి చెమటలు పట్టాక, ఎవరో వెనక నుంచి సైగ చేస్తే, కుర్చీ జరిగేది. అప్పుడు కూర్చుని, నీళ్లడిగి, తాగి, మూతి తుడుచుకుని మొదలుపెట్టేవాడు. ముఖం చూడకుండా పెన్ను తీస్తే మళ్లీ మౌనవ్రతం. నాకు ఒళ్లు మండిపోయేది. గంటకు పదిమంది పరీక్ష ముగించాలని పైవాళ్లు నా నెత్తిన కూర్చుంటే, ఈయనగారు ఒక్కొక్కడికి జాతర చూపించేవాడు.

"కానివ్వండీ, ఇంకా చాలామంది ఉన్నారు" అనేదాన్ని.

"నువ్వు జర ఆగు పంతులమ్మా. ఠాణాల గీ నిలబడుడు ఎట్లుంటదో నీకెర్క లేదు. నిలబడి జెప్పేటోనికి సగం మాట గొంతులనే ఉంటది."

ఫిర్యాదు చివర్లో ఒకటి చేసేవాడు. టేబులు మీదికి వంగి కానిస్టేబులు మణికట్టు పట్టుకుని, "నిజం బిడ్డా, ఒట్టు, నిజం" అనేవాడు. కళ్లలో నీళ్లు తిరిగేవి. మేక లేదనీ, గేదె లేదనీ, దొంగ ఎత్తుకుపోయిన బంగారు గుండ్లు లేవనీ తెలిసిన నాకే ఒక్కోసారి గుండె చివుక్కుమనేది. అప్పుడు కానిస్టేబులు, "నమ్ముతున్నాను కాకా, వెతుకుతాం" అనాలి. అదే ఆఖరి మార్కు. గంట మోగేది. ఆయన వెంటనే భుజం మీది తువ్వాలు దులిపి తలకు చుట్టుకుని, "బస్, ఖతం" అనేవాడు. అంతే, ఏడుపు ముఖం మాయం. మళ్లీ సాసరూ టీ, మళ్లీ నాతో తగువు. తువ్వాలు భుజాన ఉన్నంతసేపూ ఫిర్యాదీ, తలకెక్కితే తను. ఈ లెక్క మా దగ్గర చదివిన ప్రతి కానిస్టేబులుకూ తెలుసు.

ఇంతకీ ఆయన ఈ పని ఎందుకు పట్టుకుని వేలాడాడంటే, తమ్ముడి కోసం. అన్నదమ్ములిద్దరే పాండేసరలో ఒక గదిలో ఉండేవాళ్లు. ఇద్దరికీ పెళ్లాం పిల్లలు లేరు. తమ్ముడికి ఫిట్స్. రంగుల మిల్లులో, మంటలకూ యంత్రాలకూ దూరంగా, గుడ్డలు మడతపెట్టే చోట పని ఇప్పించాడు. మధ్యాహ్నం అన్నం గిన్నె విప్పే ముందు ఫోన్ చేసేవాడు. "తిన్నవారా? గోలీ ఏసుకున్నవా? ఎండల నడువకు, నీడ పట్టుకొని రా" అని కేంద్రమంతా వినబడేలా అరిచేవాడు. తమ్ముడికి యాభై దాటిందంటే మేమెవ్వరం నమ్మలేదు, ఆ మాటలు వింటే ఎవరో బడిపిల్లాడనుకునేవాళ్లం.

"నేను ఇంట్ల లేనప్పుడు ఆడు యాడనో రోడ్డు మీద పడ్తడు పంతులమ్మా. గదే నా పరేషాన్. తాగి పడ్డడనుకొని అందరు దాటిపోతరు. గీ పోరగాండ్లకు మంచిగ నేర్పితె, ఎవడో ఒకడు ఆగి, నువ్వెవల్రా, నీ వెనుక ఎవలున్నరు అని అడుగుతడు గద."

ఆ మాట విన్నాక నేను ఆయన్ను తొందరపెట్టడం తగ్గించాను. మానేశానని చెప్పను, నా నోరు అంత మంచిది కాదు.

తర్వాత మా పైవాళ్లకు ఇంకో ముచ్చట పుట్టింది. చదువు ముగించి చౌకీలకు పోయినవాళ్లకు పాఠం గుర్తుందో లేదో చూడాలని, చెప్పకుండా దొంగ ఫిర్యాదీని పంపడం. గుర్తింపు కావాలంటే అదీ ఉండాలట. ఎవరిని పంపుతారు? ఈయన్నే, వచ్చీ రాని హిందీలో చెప్పుకోమని. ఆ ఫిర్యాదు రిజిస్టరుకు ఎక్కదు, వైర్‌లెస్‌లో పోదు. ఈయన వచ్చి ఎలా విన్నారో నాకు చెబుతాడు, నేను మార్కులు వేస్తాను. కొన్నాళ్లకు ఈయన ఏ చౌకీ మెట్టెక్కినా లోపల కుర్చీలు వాటంతటవే జరిగేవి. "కాకా ఆయా", కాకా వచ్చాడని గుసగుసలు. ఈయన మొదట్లో మురిసిపోయాడు. తర్వాత ఒకరోజు నాతో, "నన్ను సూసి లేస్తున్నరు పంతులమ్మా, నా వెనుక నిలబడ్డ బిహారీ ఆడామెను సూస్తలేరు" అన్నాడు. నేను పైకి రాసి పంపాను. పైనుంచి జవాబు రాలేదు. ఎప్పుడొచ్చింది కనక.

ఆరోజు వేసవి ఎండ. తమ్ముడు పొద్దుటి షిఫ్టు దిగి గదికి రాలేదు, ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. ఈయన మిల్లుకు పోయాడు, ఎప్పుడో వెళ్లిపోయాడన్నారు. తెలిసిన టీకొట్లన్నీ వెతికాడు. పెద్దాసుపత్రికి పోయి పేరు చెప్పి అడిగాడు, ఆ పేరుతో ఎవరూ రాలేదన్నారు. ఇక చౌకీకి పోయాడు. అక్కడున్నవాడు మా దగ్గర చదివినవాడే, బృందంలో అందరికన్నా చురుకైనవాడు, మంచివాడు. ఆ మంచితనమే కొంప ముంచింది.

మర్నాడు పొద్దున ఈయన నాకు ఫోన్ చేశాడు. నేను ఆటోలో పరుగెత్తాను. చౌకీ ముందు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. తువ్వాలు భుజాన ఉంది.

"రాసుకున్నారా నిన్న?" అన్నాను.

"రాసుకున్నడు. నేను మెట్టెక్కంగనే లేసిండు. కూసోమన్నడు, నీళ్లిచ్చిండు. నా మొకమే సూసుకుంట ఇన్నడు. ఏ అంగి తొడిగిండు, ఎంత ఎత్తుంటడు, అన్ని అడిగిండు. మనం నేర్పినట్టే పంతులమ్మా, ఒక్కటి తప్పలే. నాకు ఏడుపొచ్చింది. వాహ్ కాకా, ఈపారి ఏడుసుడు గుడ మంచిగ నేర్సినవ్ అన్నడు."

"మీరు చెప్పలేదా, ఇది పరీక్ష కాదని?"

"చెయ్యి పట్టుకొని జెప్పిన. నిజం బిడ్డా, ఒట్టు, నిజం అన్న. ఎప్పుడు గదే గద జెప్తా. నమ్ముతున్న కాకా, వెతుకుతం అన్నడు. నేను లేస్తలేనని ఆడే లేసి, నా తువ్వాల తీసి నా నెత్తికి సుట్టి, బస్, ఖతం అన్నడు. నవ్విండు గని, రాసుకున్నడు గద, సూస్తడేమో అనుకొని రాతిరంత కూసున్న."

లోపల రిజిస్టర్లో ఏమీ లేదు. ఆ చౌకీ పెద్దాఫీసరు వైర్‌లెస్‌లో చెప్పిన కాసేపటికే జవాబొచ్చింది. ముందురోజు మధ్యాహ్నం రోడ్డు పక్కన పడి ఉన్న ఒకాయన్ను ఎవరో ఆటోవాలా పెద్దాసుపత్రిలో చేర్చాడు. ఫోన్ ఎవరో కొట్టేసినట్టున్నారు, జేబులో కార్డూ లేదు, అందుకే పేరు లేకుండా రాసుకున్నారు. అంటే ఈయన వెళ్లి పేరు చెప్పి అడిగినప్పుడు తమ్ముడు ఆ గోడల లోపలే ఉన్నాడు. తెల్లవారుజామున పోయాడు. మధ్యలో ఒకసారి తెలివొచ్చి ఏదో భాషలో ఎవరినో పిలిచాడనీ, తనకు అర్థం కాలేదనీ నర్సు చెప్పింది. ఏమని పిలిచాడని ఈయన అడిగాడు. నర్సు కాస్త గుర్తు తెచ్చుకుని, "అన్నా, అన్నా అన్నట్టుంది" అంది. ఈయన తల ఊపాడు. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను.

ఆ కానిస్టేబులు పరుగున వచ్చాడు. ఆసుపత్రి వరండాలో ఈయన కాళ్ల మీద పడిపోయాడు. దహనం దాకా వెంటే ఉన్నాడు, పాడె ఒక కొమ్ము మోశాడు. నాకు మాత్రం కోపం. వాడి మీద కొంత, మా పైవాళ్ల మీద అంతకు పదింతలు. ఫిర్యాదు రాద్దామన్నాను ఈయనతో. వాళ్లందరి పేర్లూ పెట్టి, గట్టిగా, నేనే రాస్తానన్నాను.

ఆయన నా ముఖం చూశాడు. విసుక్కోలేదు, కోప్పడలేదు. అలసిపోయిన మనిషి చూసినట్టు చూశాడు.

"ఎవలికి జెప్తం పంతులమ్మా? మల్ల కూసోమంటరు, మల్ల నీళ్లిస్తరు."

తర్వాత మా పైవాళ్లు చేసిందేమిటంటే, ఇకమీదట దొంగ ఫిర్యాదీ ప్రతిసారీ కొత్త ముఖమై ఉండాలని నిబంధన తెచ్చారు. అయిపోయింది. ఆ రోజుల్లోనే గుర్తింపువాళ్లు తనిఖీకి వస్తున్నారు. మా డైరెక్టరు నన్ను పిలిచి, ఆ ముసలాయన్ను ఒక్కసారి రమ్మనండి, ఆయనలా ఎవరూ చేయలేరు అన్నాడు. సిగ్గు లేదా అన్నాను. నిజంగానే అన్నాను, అప్పటికే నాకు ఆ ఉద్యోగం మీద ఆశ పోయింది. అయినా ఈయనకు చెప్పకుండా దాచడం నాకు నచ్చక, గదికి పోయి చెప్పాను. ఛీ పొమ్మంటాడనుకున్నాను.

"పెద్ద సార్లు వస్తరా?" అన్నాడు. "ఇంటరా?"

"విని మార్కులు వేస్తారు."

"అట్లయితే వస్త."

అదే, ఇప్పుడు తెర మీద నడుస్తోంది. కానిస్టేబులు లేచాడు. కుర్చీ జరిపాడు. నీళ్లిచ్చాడు. ఆయన ఈసారి నీళ్లు తాగలేదు, గ్లాసు అలాగే పట్టుకుని కూర్చున్నాడు. మేక లేదు, గేదె లేదు. "మా తమ్ముడు అగుపడ్తలేడు. ఆకుపచ్చ గళ్ల అంగి తొడిగిండు. ఆనికి ఫిట్స్ ఉన్నయి, తాగి పడ్డడనుకోవద్దు. తెలుగు తప్ప ఆనికి ఇంకో మాట సక్కగ రాదు. జల్ది సూడుండ్రి. పొద్దు గూకక ముందే సూడుండ్రి." తెర కింద ఇంగ్లీషు అక్షరాల్లో, ఫిర్యాదీ వివరాలు చెబుతున్నాడు అని వచ్చింది. ఆ హాల్లో ఆ మాటలు అర్థమైనదాన్ని నేనొక్కదాన్నే.

ఆ తనిఖీ రోజు అక్కడ ఉన్నదాన్ని కాబట్టి మిగతాదీ నాకు తెలుసు. ఈయన మణికట్టు పట్టుకోలేదు, నిజమనీ ఒట్టనీ అనలేదు. గంట మోగింది. తనిఖీవాళ్లు చప్పట్లు కొట్టారు. ఈయన లేవలేదు. తువ్వాలు భుజం మీదే ఉంది. డైరెక్టరు వచ్చి చెవిలో, "కాకా, అయిపోయింది" అన్నాడు. ఈయన ఎదురుగా ఉన్న కానిస్టేబులునే చూస్తూ, "కూసున్నవేంది బిడ్డా? పో మరి" అన్నాడు. ఏమంటున్నాడని తనిఖీకి వచ్చినాయన నన్నడిగాడు. ఆయన తమ్ముడు నిజంగానే ఇలా పోయాడని, ఇది నటన కాదని చెప్పాను. "అందుకే ఇంత సహజంగా ఉంది" అని ఆయన శ్రద్ధగా రాసుకున్నాడు. చివరికి నేనే చెయ్యి పట్టి లేపి, ఆటో ఎక్కించి, పాండేసరలో దింపాను. దారంతా తువ్వాలు తలకెక్కలేదు. మా కేంద్రానికి గుర్తింపు వచ్చింది. ఆయన మళ్లీ రాలేదు, నేనూ మానేశాను. తర్వాత ఊరికి పోయాడనీ, అక్కడే కన్నుమూశాడనీ ఆయన గది పక్కవాళ్లు చెప్పారు.

హాల్లో దీపాలు వెలిగాయి. వేదిక మీది ఆవిడ మైకు తీసుకుని, "ఇందులో కానిస్టేబులు సరిగా చేసినవి ఏమిటి?" అని అడిగింది. నాలుగు వైపుల నుంచీ చేతులు లేచాయి. కుర్చీ వేశాడన్నారు. నీళ్లిచ్చాడన్నారు. ముఖం చూశాడన్నారు. అన్నీ సరిగ్గానే చెప్పారు. నాకు చెయ్యెత్తే ఓపిక లేకపోయింది. పక్కావిడ మాత్రం మెల్లగా, "ఈ నటుడు మీకు తెలుసా? ఎక్కడ దొరికాడు?" అంది. "పాండేసరలో" అన్నాను.

టీ విరామమన్నారు. జనం లేచి పోయారు. తెర మీద వీడియో ఆఖరి బొమ్మ అలాగే ఆగి ఉంది. ఆయన కుర్చీలో కూర్చుని, గ్లాసు పట్టుకుని, తలుపువైపు చూస్తున్నాడు. తువ్వాలు భుజాన ఉంది. ప్రొజెక్టరు చూసుకునే మనిషి వచ్చి ఆపబోయాడు.

"జర ఆగు భాయ్" అని చెయ్యి అడ్డం పెట్టాను. నా నోట ఆయన మాటే వచ్చింది.

"అయిపోయింది కదా మేడం."

"లేదు. ఆయనింకా ఖతం అనలేదు."